తెల్లవారుజాము పిట్ట వెంట ఆరు రోజులు

మొదటి రోజు, ఆదివారం: మష్హద్

'మొర్గె సహర్' పాట తెలియని మనిషి ఇరాన్‌లో దొరకడం కష్టం. తెల్లవారుజాము పిట్ట అని దాని అర్థం. ఆ పాట ఎవరిదని అడిగితే మాత్రం పాడినవారి పేరే చెబుతారు. విమానాశ్రయం నుంచి నన్ను తీసుకొచ్చిన టాక్సీ డ్రైవరు కూడా "షజరియాన్‌ది" అన్నాడు. రాసిందెవరని అడిగాను. "పాత కవి ఎవరో ఉండాలి" అని ఊరుకున్నాడు. ఆ పాత కవి పుట్టిన ఊళ్లోనే మా టాక్సీ తిరుగుతోంది.

ఆయన పేరు మొహమ్మద్ తఖీ బహార్. 1886లో మష్హద్‌లో పుట్టి 1951లో తెహ్రాన్‌లో పోయాడు. మా నాన్నగారు నిజాం జమానాలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారు. అందువల్ల ఆ లిపి నాకు ఇంట్లోనే అబ్బింది. ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాదులో రెండేళ్లపాటు సాయంత్రం పూట ఫార్సీ తరగతులకు వెళ్లాను. తోటివారంతా హాఫిజ్ దగ్గరా ఖయ్యాం దగ్గరా ఆగిపోతే నేను మాత్రం ఈ ఇరవయ్యో శతాబ్దపు మనిషికి చిక్కాను. పాత ఛందస్సులో రాస్తూనే పత్రిక నడిపాడు, జైలుకు వెళ్లాడు, శాసనసభలో కూర్చున్నాడు, చివరికి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. ఇన్ని చేసిన మనిషి తన పాటకే అనామకుడైపోయాడని ఈ డ్రైవరు చెప్పేదాకా నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఇమాం రెజా దర్గాకు వెళ్లాను. బంగారు గుమ్మటం ఎండలో కళ్లు తెరవనివ్వడం లేదు. బహార్ తండ్రి సబూరీ ఈ దర్గాకు ఆస్థానకవి. 1904లో ఆయన పోయాక ఇరాన్ రాజు ముజఫ్ఫరుద్దీన్ షా ఆ 'మలికుష్షుఅరా' బిరుదును, అంటే కవిరాజు అన్న బిరుదును, కొడుక్కి ఇచ్చాడు. అప్పటికి కొడుక్కి ఇంకా ఇరవయ్యేళ్లు కూడా లేవు. పండగలకు, సంతాప దినాలకు ఇక్కడ పద్యం చదవడమే ఉద్యోగం. కొద్దికాలానికే రాజు అధికారానికి హద్దులు పెట్టాలనే రాజ్యాంగ ఉద్యమం వచ్చిపడింది. కుర్రవాడు దానిలో దూకాడు. 1910లో మష్హద్‌లోనే 'నౌబహార్' పత్రిక పెట్టాడు. ఉత్తర ఇరాన్‌లో అప్పుడు రష్యన్ల ఇష్టారాజ్యం. వాళ్ల ఒత్తిడితో పత్రిక మూతపడితే, పేరు కాస్త మార్చి 'తాజా బహార్' అని మళ్లీ తెచ్చాడు. మనకు ఈ 'తాజా' కూరగాయల బండి దగ్గర వినిపించే మాట. అక్కడ ఒక నిషిద్ధ పత్రికకు కొత్త ముసుగు. అదీ మూతపడింది. ఆయన్ను ఊరి నుంచి పంపించేశారు. 1912లో రష్యన్ ఫిరంగులు ఇదే గుమ్మటం మీద గుళ్లు కురిపించాయి. ఇప్పుడు చూస్తే దాని మీద ఒక్క గీత లేదు.

సాయంత్రం సర్షూర్ పేటలో నడిచాను. ఆయన బాల్యం గడిచిన పేట అది. ఇప్పుడు యాత్రికుల హోటళ్లు, కుంకుమపువ్వు కొట్లు, తస్బీహ్‌ల, అంటే జపమాలల, దుకాణాలు. పాత వాసనలు వెతుక్కోవడం దండగ.

పాత వాసన దొరికింది మాత్రం ఒక ఇంటి పెరట్లో. మా ఫార్సీ పంతులుగారు ఫోనులో పరిచయం చేసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాత్రి టీకి పిలిచారు. డెబ్బై దాటిన మనిషి. గాజు గ్లాసులో టీ పోసి, పళ్ల మధ్య పంచదార గడ్డ ఎలా పెట్టుకోవాలో చూపించి, అప్పుడు మొదలుపెట్టారు.

"మా బహార్ పద్యాలు చదివిన పెద్దవాళ్లు, ఇవి నీవి కావు, మీ నాన్న వదిలిపోయిన కాగితాలు నీ పేరు పెట్టుకుని చదువుతున్నావు అన్నారు అఘా. పరీక్ష పెట్టారు. నాలుగు మాటలిచ్చి, నాలుగూ ఒక్క రుబాయీలో, అంటే నాలుగు పాదాల పద్యంలో, రావాలన్నారు. అక్కడికక్కడే."

"దత్తపది!" అన్నాను తెలుగులో, నాకు తెలియకుండానే.

"ఏమిటి?"

వివరించాను. సంబంధం లేని మాటలు ఇస్తారని, అవధాని వాటిని పద్యంలో ఇమడ్చాలని, ఆ పని ఒక్కటే కాదు, ఇంకా ఏడుగురు పక్కన కూర్చుని ఏడు రకాలుగా వేధిస్తుంటారని, అందులో ఒకరు మధ్యమధ్య గంట మోగిస్తే ఎన్నిసార్లు మోగిందో కూడా గుర్తుంచుకోవాలని. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"ఇప్పటికీ చేస్తున్నారా?"

"చేస్తున్నారు."

"మావాడికి ఒక్కడితోనే సరిపోయింది" అని నవ్వారు.

బహార్‌కు మొదట ఇచ్చిన మాటలు జపమాల, దీపం, ఉప్పు, చినార్ చెట్టు. ఆయన వెంటనే కట్టిన రుబాయీ భావం ఇది: నా ఫకీరు బట్టలు, జపమాల చూసి ప్రియురాలు అంది, వైరాగ్య దీపం నుంచి వెలుగు రాదయ్యా, ఉప్పు గనిలో తేనె చూసినవాడు లేడు, చినార్ కొమ్మన కాయ కోసినవాడూ లేడు. చినార్ కాయ కాయదన్నది ఎవరికైనా తెలుసు. కాని ఆ తెలిసిన సంగతినే నాలుగో పాదానికి మేకులా దిగ్గొట్టడంలో ఉంది పని.

వాళ్లు ఊరుకోలేదు. కోడి పుంజు, ద్రాక్ష, ఆరె, రాయి అన్నారు. ఆరె అంటే చెప్పులు కుట్టేవాళ్లు తోలుకు బెజ్జం పెట్టే సూది. దానికీ కట్టాడు: తెల్లవారి కోడి లేచింది, లే నేస్తం, ద్రాక్ష గుండె నెత్తురు నరాల్లోకి పోద్దాం; నా నీ ప్రేమ పిడికిలికీ ఆరెకూ ఉన్న స్నేహం, నీ గుండె చేసే దౌర్జన్యం రాతికీ కుండకూ ఉన్న సంబంధం. పిడికిలితో ఆరెను గుద్దితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆపైన లేచాడట ఒక కుర్రవాడు, ఎగతాళిగా. అద్దం, రంపం, చెప్పు, పులుపు ద్రాక్ష ఇమడ్చమన్నాడు. బహార్ ఆ కుర్రవాడినే పద్యంలోకి లాగాడు. అద్దంలా తళతళలాడావు, శభాష్. రంపంలా జనాన్ని కోస్తున్నావు, శభాష్. పండితుల చెప్పుల్లో కాలు పెట్టావు. పులుపు ద్రాక్ష దశ కూడా రాకుండానే ఎండుద్రాక్షవైపోయావు, శభాష్. ఈ చివరిది వాళ్ల సామెత. మనం పిందెలోనే పండిపోయాడు అంటాం కదా, అలాంటిది. ఉపాధ్యాయుడుగారు ఆ 'శభాష్' దగ్గరకొచ్చినప్పుడల్లా నిజంగానే తొడ చరిచారు. ఫార్సీలో అది 'అహసంత్'.

ఆ రాత్రి హోటలు గదిలో ఇంకో సంగతి తట్టింది. పద్యం తనదేనని నిరూపించుకోవలసి రావడంతో మొదలైంది ఈ మనిషి బతుకు.

రెండో రోజు, సోమవారం: తూస్

తూస్ మష్హద్‌కు పాతిక కిలోమీటర్ల లోపే. షానామా రాసిన ఫిర్దౌసి సమాధి అక్కడుంది. తెల్లరాతి కట్టడం, చుట్టూ తోట, బడి పిల్లల వరసలు. నాకు కావలసింది ఆ కట్టడం వెనక ఉన్న 1934 సంవత్సరం.

అంతకు ముందు ఏడాది నౌరోజు, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, వేళ అప్పటి రాజు రెజా షా పోలీసులు బహార్‌ను పట్టుకెళ్లారు. కొన్ని నెలలు జైలు, ఆ తర్వాత ఇస్ఫహాన్‌కు ప్రవాసం. జైల్లో కూడా పద్యమే. 1934లో ప్రభుత్వం ఫిర్దౌసి వెయ్యేళ్ల ఉత్సవం తలపెట్టింది. దేశదేశాల పండితులు వస్తున్నారు. షానామా మీద మాట్లాడగల ఇంటి మనిషిని ప్రవాసంలో ఉంచి పండగ చేస్తే బాగుండదని పెద్దలు నచ్చజెప్పాక ఆయన్ను తిరిగి రానిచ్చారు. తొమ్మిది శతాబ్దాల కిందట పోయిన కవి పూచీకత్తు మీద విడుదలైన కవి ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఆ ఉత్సవానికి కట్టిన సమాధే ఇది. నేల దిగిపోతుండటంతో 1960లలో విప్పి మళ్లీ కట్టారు.

తోటలోనే కాస్త దూరంలో షజరియాన్ సమాధి ఉంది. ఆయనదీ మష్హదే. 2020 అక్టోబరులో ఇక్కడ పూడ్చారు. కచేరీ ముగింపులో జనం అడగడం, ఆయన 'మొర్గె సహర్' పాడటం దశాబ్దాల పాటు ఆనవాయితీ. సమాధి పలక దగ్గర ఇద్దరు అమ్మాయిలు గొంతు తగ్గించి అదే పాడుకుంటున్నారు. పిట్టను ఏడుపందుకోమని, నా గాయాన్ని మళ్లీ పచ్చి చేయమని మొదలై, దౌర్జన్యపరుడి దౌర్జన్యం, వేటగాడి క్రూరత్వం నా గూటిని గాలికి వదిలేశాయి అనే చోటికి వస్తుంది. వరస కట్టినది మొర్తెజా నైదావూద్, యూదు కుటుంబంలో పుట్టిన తార్ అనే తీగవాద్యపు విద్వాంసుడు. 1920లలో పుట్టిన పాట. రాజు మారాడు, రాజరికమే పోయింది, విప్లవం వచ్చింది. వేటగాడు ఎవరన్నది మాత్రం వినేవాళ్లు ఎప్పటికప్పుడు నింపుకుంటున్నారు. అమ్మాయిలు ఆ పాదం దగ్గర ఒకసారి అటూ ఇటూ చూసి మళ్లీ అందుకున్నారు.

రాత్రి తెహ్రాన్ రైలెక్కాను. తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు. నమాజు వేళకు ఒక స్టేషనులో బండి ఆపారు. నిషాపూర్ చీకట్లో దాటిపోయింది. ఖయ్యాంకు కిటికీలోంచే దండం పెట్టాను.

మూడో రోజు, మంగళవారం: బహారెస్తాన్

పాత పార్లమెంటు ఉన్న కూడలి పేరు బహారెస్తాన్. ఆ పేరుకూ కవికీ సంబంధం లేదు, కాని ఇంతగా ఆయనకు అతికే స్థలం ఇంకోటి లేదు. ఆయన అనేకసార్లు ఇక్కడ సభ్యుడు. 1908లో ఇదే భవనాన్ని షా తరఫున కొసాక్కు దళం ఫిరంగులతో కొట్టింది.

గేటుకు ఎదురుగా నిలబడి నేను లెక్క వేసుకున్నది 1925 అక్టోబరు చివరి రోజుల సంగతి. అప్పటిదాకా ఏలుతున్న ఖజార్ వంశాన్ని దించి, తర్వాత రెజా షా అయిన రెజా ఖాన్‌కు గద్దె అప్పజెప్పే ఏర్పాట్లు సభలో సాగుతున్నాయి. ఎదిరించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బహార్ వాళ్లలో ఒకడు. ఆయన్ను మట్టుబెట్టడానికి బయట మనుషులు కాచుకుని ఉన్నారు. వాయిజ్ ఖజ్వీనీ అనే పత్రికాసంపాదకుడు తన పత్రిక పని మీద ఖజ్వీన్ నుంచి రాజధానికి వచ్చాడు. పోలికలు కలిశాయి, వేళ కలిసింది. ఆయన బయటికి నడవగానే బహార్ అనుకుని చంపేశారు. బహార్ అప్పటికి ఇంకా లోపలే ఉన్నాడు.

నేను ఒక పావుగంట అక్కడే నిలబడి ఉంటాను. ట్రాఫిక్కు హోరు, మోటారు సైకిళ్లు, పక్కన సంగీత వాయిద్యాల కొట్లు. తన చావు ఇంకొకడు చచ్చాడని తెలిసిన మనిషి ఆ తర్వాత పాతికేళ్లు బతికాడు. రాజకీయం నుంచి పుస్తకాల్లోకి ఆయన జరిగిపోవడానికి అణచివేత కారణమని చరిత్రకారులు రాస్తారు. నిజమే. ఆ రాత్రి కూడా కొంత కారణమై ఉంటుందని నాకనిపిస్తుంది.

ఒక కొట్లో తార్ ధర అడిగాను. చెప్పిన అంకెలో సున్నాలు లెక్కపెట్టలేక బయటికొచ్చాను.

నాలుగో రోజు, బుధవారం: ఎంఖెలాబ్ వీధి

తెహ్రాన్ విశ్వవిద్యాలయం ఎదురుగా వీధి పొడవునా పుస్తకాల కొట్లే. మన కోఠీ గుర్తొస్తుంది, తలకు మించిన బేరాలు మాత్రం లేవు. బహార్ ఈ విశ్వవిద్యాలయంలోనే పాఠం చెప్పాడు. 1942లో వచ్చిన 'సబ్క్‌షెనాసీ' మూడు సంపుటాలు ఆ పాఠాల పంట. ఫార్సీ వచనం పుట్టుక నుంచి ఎలా మారుతూ వచ్చిందో చెప్పే పుస్తకం. 'సబ్క్' అంటే శైలి. అంతకు ముందు పాత పుస్తకాలను భక్తితో చదివేవారు. ఈయన వాటి క్రియలు, ప్రత్యయాలు, అరబ్బీ మాటల పాలు చూసి వయసు చెప్పడం నేర్పాడు. పశువు పళ్లు చూసి వయసు చెప్పినట్టు. ఇస్లాం ముందునాటి పహ్లవీ భాషను జర్మన్ పండితుడు హెర్జ్‌ఫెల్డ్ దగ్గర పెద్ద వయసులో కూర్చుని నేర్చుకున్నాడు. కర్త పేరు తెలియని 'తారీఖె సీస్తాన్' అనే పాత చరిత్రను పరిష్కరించి అచ్చువేయించాడు.

ఫార్సీ కవిత్వాన్ని ఖొరాసానీ, ఇరాఖీ, హిందీ శైలులుగా విడదీసి చెప్పే అలవాటు బలపడింది ఈయన తరం పండితుల వల్లనే. ఇక్కడ నాకూ ఆయనకూ చిన్న పేచీ ఉంది. హిందీ శైలి అంటే హిందూస్థాన్ శైలి, మొగలుల ఆస్థానాల్లోనూ దక్కను దర్బారుల్లోనూ పెరిగిన మెలికల కవిత్వం. మష్హద్ ఉన్న ఖొరాసాన్ ప్రాంతపు ముక్కుసూటితనం మీద పెరిగిన బహార్‌కు అది గిట్టదు. క్షీణించిన కవిత్వమని ఆయన తీర్పు. నాలాంటి హైదరాబాదువాడికి అది కొంచెం గుచ్చుకుంటుంది.

సరిగ్గా ఆ గుచ్చుకోవడంతోనే కొట్టువాణ్ని 'బొర్హానె ఖాతే' ఉందా అని అడిగాను. ఫార్సీ నిఘంటువు. తెహ్రాన్‌లో మొహమ్మద్ మొయీన్ పరిష్కరించి వేసిన ప్రతి దొరికింది. పీఠిక తెరిచి అతనికి చూపించాను: తబ్రీజ్ వంశపు మొహమ్మద్ హుసేన్ దీన్ని 1652 ప్రాంతంలో గోల్కొండలో కూర్చి అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. "గోల్కొండ అంటే?" అన్నాడు. "మా ఇంటి నుంచి బస్సులో అరగంట." నమ్మలేదు. నా పాస్‌పోర్టు తీసి ఊరి పేరు చూపిస్తే, ఆ పుస్తకం దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచి ఇచ్చాడు. ఆ నిఘంటువులో తప్పులు లెక్కలేనన్ని ఉన్నాయని మీర్జా గాలిబ్ ఢిల్లీలో కూర్చుని ఒక పుస్తకమే రాశాడు. ఆ సంగతి కొట్టువాడికి చెప్పలేదు. ఊరి పరువు.

న్యాయంగా ఇంకో మాట కూడా రాయాలి. హిందీ శైలి గిట్టకపోయినా బహార్‌కు హిందూస్థాన్ మీద కోపం లేదు. 1932లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇరాన్ వచ్చినప్పుడు ఆయనకు కానుకగా ఒక మస్నవీ, అంటే ద్విపదల కావ్యం, రాశాడు. సృష్టి మొదటిరోజున దేవుడు ఒక వీణ చేశాడన్న ఊహతో మొదలవుతుంది అది.

టీకొట్లో కూర్చుని సబ్క్‌షెనాసీ మొదటి సంపుటం తిప్పాను. పేజీకి పది మాటలు తెలియవు. మరో పది మాటలు తెలుగులో వాడేవే: కాగితం, దర్బారు, దస్త్రం, రోజు. పక్క బల్ల దగ్గర ఇద్దరు విద్యార్థులు నీమా యూషిజ్ మీద వాదించుకుంటున్నారు. కొత్త కవిత్వానికి ఆద్యుడని అందరూ చెప్పే నీమా. 1946లో ఇరాన్ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించినది బహార్, అక్కడ నీమా కూడా చదివాడు. అంతకు చాలా ముందు, 1918లో 'దానెష్కదె' పత్రిక నడిపేటప్పుడు కుర్రకారు పాతదంతా కూల్చమంటే బహార్ ఒప్పుకోలేదు. తాతల కట్టడానికి గునపం వేసే ధైర్యం మాకు లేదు, దాన్ని బాగుచేసుకుంటూ పక్కన కొత్త గోడ లేపుతాం అన్న అర్థంలో జవాబిచ్చాడు. బల్ల దగ్గర పిల్లలు ఆయన పేరు ఎత్తలేదు.

ఐదో రోజు, గురువారం: జహీరుద్దౌలా తోట

మెట్రోలో తజ్రీష్ చివరి స్టేషను దాకా వెళ్లి, అక్కడి నుంచి దర్బంద్ వైపు ఎత్తు ఎక్కాలి. సందులోపల చిన్న గేటు. జహీరుద్దౌలా నాసిరుద్దీన్ షా అల్లుడు, సూఫీ అయినవాడు. ఆయన చుట్టూ పెరిగిన శ్మశానంలో కవులు, గాయకులు, విద్వాంసులు పడుకుని ఉన్నారు. అన్ని రోజులూ తెరవరు. అందుకే నా ప్రయాణమంతా ఈ గురువారం చుట్టూ అల్లుకున్నాను.

లోపల చెట్ల నీడ, నేలబారు పలకలు. జనమంతా ఒకే చోట మూగి ఉన్నారు. ముప్పై రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయిన ఫరూగ్ ఫరఖ్‌జాద్ సమాధి దగ్గర. పూలు, కొవ్వొత్తులు, ఆమె పద్యాలు చదువుతున్న పిల్లలు. తప్పేమీ లేదు, నేనూ కాసేపు నిలబడ్డాను. హాస్యకవి ఇరజ్ మీర్జా, గాయని ఖమర్, వయొలిన్ విద్వాంసుడు సబా, అందరూ ఇరుగుపొరుగే.

బహార్ దగ్గర ఎవరూ లేరు. పలక మీద రాలిన ఆకులు చేత్తో తీశాను. నేను తెచ్చిన గులాబీ పెట్టాను. గులాబీ కూడా ఫార్సీ మాటే, వాళ్ల మాట వాళ్లకే ఇచ్చినట్టయింది. చివరి ఏళ్లలో ఆయనకు క్షయ. 1946లో కొన్ని నెలలు విద్యామంత్రి. ఆ తర్వాత చికిత్స కోసం స్విట్జర్లాండ్ కొండల్లోని శానిటోరియంలో ఉన్నాడు. తిరిగొచ్చి, నిలబడే ఓపిక లేనప్పుడు, శాంతి ఉద్యమానికి అధ్యక్షుడయ్యాడు. అప్పుడు రాసిన 'జొగ్దె జంగ్', అంటే యుద్ధపు గుడ్లగూబ, వెయ్యేళ్ల నాటి కవి మనూచెహ్రీ పద్యం నడకలో అణుయుగం సంగతి చెప్పే కసీదా, ఒకే ప్రాస మీద నడిచే దీర్ఘ పద్యం. యౌవనంలో తెల్లవారుజాము పిట్ట, చివర గుడ్లగూబ. నాకు ఈ రెండో పిట్టే గొప్పదనిపిస్తుంది. మొదటి దానిలా జనం నోట పడక గూట్లోనే ఉండిపోయింది.

ఒక పెద్దావిడ చేతికర్ర ఊతంగా వచ్చి నా పక్కన ఆగింది. పలక మీద రెండు వేళ్లు ఆనించి ఫాతిహా చదివి, నా వైపు తిరిగి, "ఏ ఊరు?" అంది. చెప్పాను. "అంత దూరం నుంచి ఫరూగ్ కోసం వచ్చారా?" కాదని పలక చూపించాను. ఆవిడ ఒకసారి పేరు మళ్లీ చదివి, "మా నాన్న ఈయన దగ్గర చదువుకున్నాడు" అని మాత్రం అని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఆరో రోజు, శుక్రవారం: పొలూర్

రాత్రికి విమానం. బహార్ పద్యం రాసిన దమావంద్ కొండను పొలూర్ నుంచి చూద్దామని ఉదయమే ఒక టాక్సీ మాట్లాడుకుని హరాజ్ రోడ్డు పట్టాను. శుక్రవారం కాబట్టి తెహ్రాన్ తెహ్రానంతా మాతో పాటే కొండలకు బయలుదేరింది. గంటన్నర దారికి మూడు గంటలు పట్టింది.

దమావంద్ 5,600 మీటర్ల పైన ఉంటుంది. చల్లారని అగ్నిపర్వతం. జహ్హాక్ అనే భుజాల మీద పాములున్న రాక్షసరాజును ఫరీదూన్ ఈ కొండలోనే గొలుసులతో కట్టేశాడని షానామా కథ. బహార్ 1922లో దీని మీద కసీదా రాశాడు. 'కాళ్లకు సంకెళ్లున్న తెల్ల రాక్షసుడా' అని పిలుపు. తల మీద వెండి శిరస్త్రాణం, నడుముకు ఇనుప పటకా. మనుషుల ముఖం చూడలేక మబ్బులో ముఖం దాచుకున్నావంటాడు. కొండను కాలం పిడికిలి అని, ఆకాశం మీదికి ఎత్తిన పిడికిలి అని కొంతదూరం నడిపించి, హఠాత్తుగా ఆగి, కాదు కాదు, నేనన్నది నాకే నచ్చలేదు, నువ్వు నొప్పితో వాచిన భూమి గుండెవి అంటాడు. వాపు తగ్గడానికి కర్పూరం పట్టీ వేశారట. ఆ పట్టీయే మంచు. తన ఉపమానాన్ని పద్యం మధ్యలో చెరిపి కొత్తది రాసుకున్న పూర్వకవి నాకు గుర్తు రావడం లేదు. ఛందస్సు పాతదే, ఆ తడబాటు మాత్రం కొత్త మనిషిది. ఆ తర్వాత కొండను పగిలిపొమ్మని, లోపల దాచిన నిప్పు కక్కమని బతిమాలతాడు.

పొలూర్ చేరేసరికి కొండ లేదు. మబ్బు గోడ ఉంది. దారి పక్క టీకొట్లో కూర్చున్నాం.

"ఇక్కడే కదా ఉండాలి?" అన్నాను.

"ఇక్కడే ఉంది. ముఖం దాచుకుంది" అన్నాడు డ్రైవరు, నేను ఏమీ చెప్పకుండానే.

"బహార్ పద్యం వచ్చా?"

"మా అమ్మాయి పన్నెండో తరగతి. పరీక్షకు ఉంది. ఇల్లంతా అదే." లేచి నిలబడి, టీ గ్లాసు చేతిలో పెట్టుకునే అందుకున్నాడు. నాలుగు ద్విపదలు గడగడా వచ్చాయి. ఐదో దానికి ఆగాడు. నేను అందించబోతే నా ఉచ్చారణ విని తల అడ్డంగా ఊపాడు. జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశాడు. అవతల నుంచి అమ్మాయి గొంతు, అప్పుడే నిద్ర లేచినట్టు, విసుగ్గా, తప్పు లేకుండా, కర్పూరం పట్టీ దాకా చదువుకుంటూ పోయింది. టీకొట్టు కుర్రాడు కూడా వచ్చి నిలబడ్డాడు.

మబ్బు అడుగున తెల్లటి అంచు ఒకటి బయటపడింది. అది మంచో, ఇంకో మబ్బో తేల్చుకునేలోగా మూసుకుపోయింది. అమ్మాయి, "నాన్నా, ఇంకా చదవాలా?" అని అడుగుతోంది.